ఆగస్టు వోలరు చరిత్రము: రైలు ఇరుసు మొదలు విమానపు రెక్క వఱకు

తుంగభద్రాతీరమున నున్న మంత్రాలయ క్షేత్రమునకు దూరప్రాంతములనుండి వచ్చు యాత్రికులలో పెక్కండ్రు రైలులో మంత్రాలయము రోడ్డు స్టేషనునకు వచ్చి, అచ్చటనుండి మోటారు బండ్లలో క్షేత్రమును చేరుదురు. 2021 వ సంవత్సరమున కర్నూలునకు సమీపమునందలి ఓర్వకల్లు కడ విమానాశ్రయము వెలసినది మొదలు ఆకాశమార్గమున వచ్చి దిగువారును కలరు. ఈ ఇరుదెఱగుల ప్రయాణికులును తమ్ము మోసికొని వచ్చు యంత్రము నడుమదారిలో విఱిగిపోవునేమో యని శంకింపరు. గవాక్షము ప్రక్కను కూర్చుండి పొలములను చూచుచు, పులిహోర పొట్లమును విప్పుకొనుచు సుఖముగా వత్తురు. ఈ నిర్భయత్వము ఊరక లభించినది కాదు. దీనికి ప్రాణములే వెలగా నిచ్చినవారు కొందఱు. దీనికి మార్గమును కనుగొన్నవారు మఱికొందఱు. ఈ రెండవ తెగవారిలో మొదట పేర్కొనదగిన ఆగస్టు వోలరను జర్మను ఇంజనీరు చరిత్రమును మా చదువరులకు వినిపింప దలచితిమి.

వోలరను పేరు వినగానే పైతరగతుల విద్యార్థులు రసాయనశాస్త్రమున చదివిన వోలరును తలంతురు. 1828 వ సంవత్సరమున యూరియాను ప్రయోగశాలలో సిద్ధపఱచిన ఆ మహనీయుని పేరు ఫ్రెడరికు వోలరు. అతడు వేఱు, ఇతడు వేఱు. అతని కీర్తి పాఠ్యపుస్తకములందు నిలిచినది. ఇతని కీర్తి ఇంజనీర్ల నోట మాత్రమే మెలగుచున్నది. మాకు చూడ ఇది కొంచెము అన్యాయముగనే తోచుచున్నది.

ఆగస్టు వోలరు 1819 వ సంవత్సరము జూను 22 వ తేదీని హానోవరు రాజ్యమునందలి సోల్టావు అను చిన్న పట్టణమున జన్మించెను. తండ్రి బడిపంతులు. గణితమునందు కుఱ్ఱనికి గల నేర్పును పెద్దలు గుర్తించిరి. దాని ఫలముగా అతడు హానోవరు నగరమునందలి ఉన్నత పారిశ్రామిక పాఠశాలలో ప్రవేశించి, కార్లు కార్మార్షు అను ప్రసిద్ధ ఉపాధ్యాయుని కడ యంత్రవిద్యను అభ్యసించెను. చదువు ముగిసిన పిదప బెర్లినులో బోర్సిగు కంపెనీవారి రైలుయంత్రముల కర్మాగారమున పనిచేసెను. 1843 లో బెల్జియము దేశమునకేగి అచ్చట ఇంజను నడపుట నేర్చుకొనెను. ఇంజనీరు పట్టము గలవాడు బొగ్గుమసి నడుమ నిలిచి డ్రైవరు పని నేర్చుట ఆ దినములందును సామాన్యవిషయము కాదు. 1847 లో దిగువ సైలీషియా మార్కు రైల్వేయందు ఇంజనులకును బండ్లకును పై అధికారిగా నియమింపబడి, ఓడరు నది యొడ్డునందలి ఫ్రాంకుఫర్టు పట్టణమున కాపురముండెను. ఇది మెయిను నదిపైనున్న పెద్ద ఫ్రాంకుఫర్టు కాదు. ఇరువది సంవత్సరములకు మించిన కాలము అతడా కర్మశాలనే తన ప్రయోగశాలగా చేసికొనెను.

అతడు చేయవలసివచ్చిన పని యెట్టిదో తెలియుటకు కొంచెము వెనుకకు పోవలెను. 1842 వ సంవత్సరము మే 8 వ తేదీని ఫ్రాన్సుదేశమున వెర్సాయిలో రాజుగారి యుత్సవమును చూచి పారిసు నగరమునకు మరలుచున్న జనులతో నిండిన రైలుబండి మెదోను కడ ఘోరప్రమాదమునకు లోనయ్యెను. ముందఱి ఇంజను ఇరుసు విఱిగెను. వెనుకనున్న బండ్లు దానిపైకెక్కి మంటలపాలయ్యెను. ఆ కాలపు ఆచారము ననుసరించి పెట్టెల తలుపులకు బయట తాళములు వేయబడియుండుటచే లోనివారు వెలికి రాలేకపోయిరి. ఏబదిమందికి మించి ఆహుతియైరి. దక్షిణధ్రువ ప్రాంతమును శోధించి క్షేమముగా ఇల్లు చేరిన ద్యూమోన్ ద్యుర్విలు అను నావికుడు భార్యాపుత్రులతోగూడ ఈ ప్రమాదమునందే మరణించెను.

విఱిగిన ఇరుసును పరీక్షించినవారు ఆశ్చర్యపడిరి. అది సన్ననిది కాదు. ఇనుము చెడ్డది కాదు. మోపిన బరువు ఎక్కువ కాదు. అదే ఇరుసుపై అదే బరువు అనేక దినములు నడచినది. నిన్న మోసినది నేడేల మోయలేదు? తఱచుగా అదరుటచే ఇనుములోని నారలు చెడి పలుకులుగా మాఱునని కొందఱు తలచిరి. ఇంగ్లండున రాంకిను అను యువకుడు 1843 లోనే యీ వాదమును ఖండించి, చీలిక భుజముకడ మొదలయి క్రమముగా లోనికి ప్రాకుచున్నదని చూపెను. కాని ఎంత బరువున ఎన్నిమాఱులు తిరిగిన విఱుగును, ఎంత తగ్గించిన విఱుగకుండును అను ప్రశ్నకు ప్రపంచమున నెవ్వరికిని సమాధానము తెలియదు. ఐరోపాయందంతటను ఇరుసులు విఱుగుచునే యుండెను.

ఇచ్చట మా చదువరులు మన ఎద్దులబండిని జ్ఞప్తికి తెచ్చుకొందురుగాక. ఆదోని మార్కెట్టునకు పత్తి తోలిన బండి ఇరుసు కదలదు; చక్రము మాత్రము దానిచుట్టు తిరుగును. బరువు పైనుండి నొక్కుటచే ఇరుసు కొంచెము వంగును. క్రిందిభాగము సాగును, పైభాగము నొక్కుకొనును. బండి ఎంతదూరము పోయినను క్రిందిది క్రిందనే, పైది పైననే యుండును. రైలుబండి ఇరుసు అట్లు గాదు. అది చక్రములతో బిగింపబడి వానితో కూడ తిరుగును. కనుక ఇప్పుడు పైనున్న పోగు అఱ తిరుగుడులో క్రిందికి వచ్చును. సాగినది నొక్కుకొనును, నొక్కుకొన్నది సాగును. సన్నని తీగను చేతితో ముందునకు వెనుకకు వంచి త్రుంపుట ప్రతి బాలుడును ఎఱిగినదే. రైలు ఇరుసునకు ప్రతి తిరుగుడునందును జరుగునది అదియే. వంపు మాత్రము కంటికి కానరానంత స్వల్పము.

ఆ స్వల్పమైన వంపు ఎన్నిమాఱులు జరుగునో లెక్కింతము. చక్రము వ్యాసము ఒక మీటరనుకొన్న యెడల, ఒక్క తిరుగుడులో బండి మూడు మీటర్లకు కొంచెము ఎక్కువగా ముందునకు పోవును. అట్లు 500 కిలోమీటర్ల ప్రయాణమున ఇరుసు సుమారు 1,60,000 మాఱులు తిరుగును. నెలకు పది ప్రయాణములు చేసిన ఏడుమాసములలో తిరుగుళ్లు కోటి దాటును.

వోలరు మొదట చేసిన పని ఊహించుట కాదు, కొలుచుట. నడచుచున్న బండి ఇరుసు నిజముగా ఎంత వంగుచున్నదో అదివఱకు కొలిచినవారు లేరు. ఇరుసునకు ఒక సూదిని అమర్చి, అది జింకు రేకుపై గీతలు గీయునట్లు అతడొక పరికరమును కల్పించెను. బండి బెర్లిను, బ్రెస్లౌ నగరములనడుమ తన మామూలు ప్రయాణము చేసి వచ్చిన పిదప ఆ గీతలను చూచి, దారిలో ఇరుసు అనుభవించిన మిక్కిలి పెద్ద వంపును తెలిసికొనెడివాడు. నేటి విమానములయందు రెక్కకు అతికించిన సన్నని విద్యుత్పరికరములు చేయు పనిని ఆనాడు ఆ జింకు రేకు చేసినది.

పిమ్మట ప్రష్యా ప్రభుత్వము ప్రోత్సహింపగా, 1856 మొదలుకొని 1870 వఱకు అతడు తన ప్రసిద్ధమైన పరీక్షలను జరపెను. యంత్రము సరళమైనదే. కర్మశాలయందలి ఆవిరియంత్రముచే త్రిప్పబడు ఒక కమ్మి రెండు కొనలయందును పరీక్షింపవలసిన ముక్కలను బిగించి, వాని చివరలను స్ప్రింగులతో ఒకవైపునకు లాగుచుండవలెను. ముక్క తిరిగినకొలది దానిలోని ప్రతిపోగును సాగుచు నొక్కుకొనుచు నుండును. స్ప్రింగు బిగువును మార్చిన యెడల ఒత్తిడి మాఱును. తిరుగుళ్లను ఒక లెక్కయంత్రము నమోదు చేయును. ఇంతే. కాని ఇందు కావలసిన సహనము ఇంతంత కాదు. ఒక ముక్క కొన్నివేల తిరుగుళ్లలోనే విఱుగును. మఱియొకటి లక్షలు దాటును. వేఱొకటి కోటి దాటియు విఱుగక మాసముల తరబడి తిరుగుచునే యుండును. పగలు రైలుబండ్ల పని చూచుకొనుచు, ఆ తిరుగుళ్లను కనిపెట్టుచు అతడు పదునాలుగేండ్లు గడపెను. ఒక్క తెగ ఇనుముతో తృప్తిపడక, ఫీనిక్సు కంపెనీ ఇనుమును, క్రుప్పు కంపెనీ ఉక్కును వేర్వేఱుగా పరీక్షించెను. వంచుట మాత్రమే కాక, లాగుటకును మెలిత్రిప్పుటకును వేఱు యంత్రములను నిర్మించెను.

ఇందువలన తేలిన సంగతులు మూడు ముఖ్యమైనవి. ఒక్కమాఱు లాగి త్రుంపుటకు కావలసిన బలముకంటె ఎంతో తక్కువ బలము, పెక్కుమాఱులు మాఱిమాఱి పడిన యెడల, ఉక్కునైనను విఱుచును. ఇది మొదటిది. విఱుపును నిర్ణయించునది ఒత్తిడి హెచ్చునకును తగ్గునకును నడుమనున్న అంతరమే కాని ఒత్తిడి గరిష్ఠపరిమాణము మాత్రమే కాదనునది రెండవది. ఇనుము ఉక్కుల విషయమున ఒక మేర కలదనియు, ఆ మేరకు లోబడి ఒత్తిడి నుంచిన యెడల ముక్క ఎన్ని తిరుగుళ్లు తిరిగినను విఱుగదనియు మూడవది. వీనికి తోడు, ఇరుసునందు లావుభాగమునుండి సన్నభాగమునకు దిగుచోట మూల పదునుగా నున్న యెడల చీలిక అచ్చటనే పుట్టుననియు, ఆ మూలను నునుపుగా గుండ్రపఱచిన ఇరుసు బలము హెచ్చుననియు అతడు కన్నులకు కట్టినట్లు చూపెను. ఈ చివరి మాటను చదువరులు మనసున నుంచుకొనవలెను. దానితో మఱల పని కలదు.

1867 లో పారిసు నగరమున జరిగిన ప్రపంచప్రదర్శనమున అతని పరీక్షాఫలములు ప్రదర్శింపబడెను. ఇంగ్లండునందలి ఇంజనీర్లకు అతని పేరు తెలియుటకు ఇది తోడ్పడెను. అయినను వానికి రావలసినంత వ్యాప్తి వెంటనే రాలేదు. ఫలములన్నియు పట్టికలుగానే ముద్రింపబడెను. కొలతలు సెంట్నరు, జర్మను అంగుళము మున్నగు ప్రాతమానములలో నుండెను. పరదేశీయులకు వానిని తమ కొలతలలోనికి మార్చుకొనుటయే ఒక పరీక్ష. తుది నివేదిక 1870 లో వెలువడెను. దాని మఱుసటి సంవత్సరమే, అనగా 1871 లో, మదరాసునుండి వచ్చిన ఇనుపదారి తుంగభద్రను దాటి రాయచూరు కడ బొంబాయి దారితో కలిసినది. మన సీమలో ఆ ఇనుపదారిపై పరుగిడిన ఇరుసుల భాగ్యము ఏ యింజనీరు చేతనున్నదో ఇచ్చటి జనులకు తెలియు నవకాశమే లేదు.

తక్కిన జీవితమును క్లుప్తముగా చెప్పుదుము. 1869 లో అతడు బెర్లినులో రైలుసామగ్రి తయారుచేయు ఒక కంపెనీకి అధిపతి యయ్యెను. 1874 లో అల్సేసు లొరైను రైల్వేల పాలకవర్గమున చేరి స్ట్రాస్‌బూర్గు నగరమునకు పోయెను. ఇనుము ఉక్కులను అమ్మువాని మాటపై నమ్మక ప్రభుత్వపు పరీక్షాశాలలయందు శోధింపవలెననియు, గుణమును బట్టి తరగతులుగా విభజింపవలెననియు అచ్చటనుండి పోరాడెను. ఉక్కు కర్మాగారముల యజమానులకు ఈ మాట రుచింపలేదు. 1889 లో ఉద్యోగము విరమించి హానోవరు చేరెను. 1901 లో బెర్లిను సాంకేతిక విద్యాపీఠము అతనికి గౌరవ డాక్టరు బిరుదమిచ్చెను. 1914 వ సంవత్సరము మార్చి 21 వ తేదీని తన తొంబదినాలుగవ యేట పరమపదించెను. అప్పటికి మూడుమాసములకు లోపుగా, ఆ సంవత్సరము జనవరి 1 వ తేదీని, అమెరికాయందలి ఫ్లారిడాలో సెయింటు పీటర్సుబర్గు, టాంపా పట్టణములనడుమ కాలపట్టిక ప్రకారము ప్రయాణికులను కొనిపోవు మొదటి విమానము ఎగిరియుండెను. రైలుయుగపు పురుషుడు విమానయుగపు గడపకడ కన్నుమూసెను.

అతని విద్య అంతటితో ముగియలేదు. తొలి విమానములను పరీక్షించు పద్ధతి మోటుగనే యుండెడిది. విమానమును తలక్రిందులుగా నిలిపి, రెక్కలపై ఇసుకమూటలు పేర్చి ఎంత బరువునకు విఱుగునో చూచెడివారు. ఒక్కమాఱు మోసిన చాలును, పదివేల మాఱులు మోయుట మాట తరువాత అని వారి తలపు. 1932 వ సంవత్సరము అక్టోబరునందు టాటాగారి తపాలా విమానము కరాచీనుండి బొంబాయికి, అచ్చటనుండి మన పొరుగుననున్న బళ్లారి మీదుగా మదరాసునకు వచ్చినది. ఆ విమానము ఇంగ్లండున డీ హావిలెండు కంపెనీవారు చేసిన పుస్ మాత్ జాతిది. ఆ జాతి విమానములు కొన్ని వేఱుచోట్ల ఆకాశముననే రెక్కలు విఱిగి పడగా ప్రభుత్వమువారు శోధనలు జరిపించిరి.

అదే కంపెనీవారు తరువాత ప్రపంచమున మొదటి జెట్ ప్రయాణికవిమానమైన కామెటును నిర్మించిరి. 1952 మే 2 వ తేదీని అది ప్రయాణికులతో ఎగురుట ప్రారంభించెను. సరిగా సంవత్సరమునకు ఒకటి కలకత్తా సమీపమున గాలివానలో విచ్ఛిన్నమై నలువదిమువ్వురు మరణించిరి. దోషమును గాలివానపై త్రోసిరి. 1954 జనవరి 10 న ఒకటి ఎల్బా ద్వీపము కడ, ఏప్రిలు 8 న మఱియొకటి నేపుల్సు కడ సముద్రమున కూలెను. ఈ రెంటియందును గాలివాన లేదు. కామెట్లన్నియు ఎగురుట మానెను.

పన్నెండు కిలోమీటర్ల యెత్తున గాలి మిక్కిలి పలుచన. లోనివారు ఊపిరి పీల్చుటకై విమానములోనికి గాలి నెక్కింతురు. ఎగిరినప్పుడెల్ల విమానపు దేహము బెలూను వలె ఉబ్బును, దిగినప్పుడెల్ల తగ్గును. ఈ ఉబ్బు తగ్గుదలలు వోలరు ఇరుసునందలి తిరుగుళ్ల వంటివే. ఫార్న్‌బరో యందలి రాజకీయ విమానసంస్థవారు సర్ ఆర్నాల్డు హాలుగారి ఆధ్వర్యవమున ఒక కామెటును పెద్ద నీటితొట్టిలో దింపి, లోపల నీటిని నింపి, దానినే పంపులతో నెక్కించుచు తగ్గించుచు, రెక్కలను జాకీలతో ఎత్తుచు దింపుచు ఎడతెగక పరీక్షించిరి. గాలికి బదులు నీరేల యన, గాలి నొక్కిన కుదించుకొని శక్తిని దాచుకొనును, దేహము చీలినంతనే బాంబు వలె ప్రేలును. నీరు కుదించుకొనదు గనుక చీలిక ఎచ్చట పుట్టినదో చెదరక కనబడును. నిజమైన ప్రయాణములు 1,221 చేసియున్న ఆ విమానము తొట్టిలో మఱి 1,836 ప్రయాణములకు సమానమైన ఒత్తిడులను అనుభవించి, మొత్తము 3,057 వ దానియందు చీలెను. చీలిక పుట్టినది ఒక గవాక్షపు మూలకు దగ్గఱనున్న చిన్న రంధ్రము కడ. వోలరు ఇరుసుభుజమున చూచిన మూలయే ఇచ్చటను కనబడెను.

కంపెనీవారు ముందుగా పరీక్షింపలేదా యని చదువరులు అడుగవచ్చును. పరీక్షించిరి. వారి పరీక్షయందు దేహభాగము 16,000 మాఱులు ఉబ్బి తగ్గియు నిలిచినది. కాని అదే భాగమును అంతకుముందు బలపరీక్షకై మామూలుకంటె రెట్టింపు ఒత్తిడికి గుఱిచేసియుండిరి. ఆ పెద్ద ఒత్తిడికి మూలలకడ లోహము కొంచెము సాగి, దించిన పిదప నొక్కుకొనియుండుటచే, తరువాతి చిన్న ఒత్తిడులను అది తేలికగా ఓర్చుకొనెను. ప్రయాణికులను మోసిన విమానములకు ఆ మేలు లేదు. పరీక్షయే పరీక్షకులను మోసగించినది! తనకు కావలసిన జవాబునిచ్చిన పరీక్షను అనుమానించుట ఎంత కష్టమో ఇందువలన తెలియుచున్నది. రెండు పరీక్షలను రెండు వేర్వేఱు దేహములపై చేయవలెనను నియమము ఈ దుఃఖమునుండి పుట్టినదే.

నేడు ఒక క్రొత్తజాతి విమానమునకు అనుమతి నిచ్చుటకు ముందు, ఎన్నడును ఎగురని రెండు విమానములను కేవలము పరీక్షలకే బలియిచ్చుట వాడుక. మొదటిదానిని ఒక్కమాఱు మహాభారమునకు గుఱిచేయుదురు. విమానము తన యాయువులో అనుభవింపగల మిక్కిలి పెద్ద బరువునకు ఒకటిన్నర రెట్లు మోసి, మూడు సెకండ్లు నిలువవలెను. ఒక్కొక్క జాకీ బలమును మన కాడి రెండెద్దులకు పంచినట్లు కమ్ములతో రెండుగా, నాలుగుగా, ఎనిమిదిగా చీల్చి రెక్క యంతటను పంచుదురు. 1995 జనవరిలో బోయింగు 777 రెక్కల కొనలు సుమారు 24 అడుగులు పైకి వంగి, నూటికి 154 వంతుల భారమున పెద్దధ్వనితో విఱిగినవి. 2006 లో ఎయిర్‌బస్ 380 రెక్క 150 కి కొంచెము ముందుగా, సుమారు 145 కడ విఱుగగా రెక్కను కొంత బలపఱచిరి. రెండవ దేహము వోలరు యంత్రమునకు వారసురాలు. ఎయిర్‌బస్ 380 దేహమును జర్మనీయందలి డ్రెస్డెనులో 47,500 కృత్రిమప్రయాణములకు గుఱిచేసిరి. అది దాని నిర్ణీతాయువునకు రెండున్నర రెట్లు. ఇన్నిరెట్లు ఏల యన, విమానములకు వాడు అల్యూమినియపు మిశ్రమములకు ఇనుమునకున్నట్టి నిర్భయమైన మేర లేదు. ఎంత చిన్న ఒత్తిడియైనను తగినన్ని మాఱులు పడిన ఎప్పటికైనను నెఱ్ఱె పుట్టును. మన నల్లరేగడి చేలు ఎండకాలమున నెఱ్ఱెలు విచ్చునని రైతుకు తెలియును. కాలు పడకుండ చూచుకొని నడచును. విమానమును పాలించువారును అట్లే నెఱ్ఱె యుండుననియే తలచి, అది ప్రమాదకరమగుటకు ముందే కనబడునట్లు తనిఖీలను ఏర్పఱతురు. 1988 లో హవాయి ద్వీపములపై అలోహా కంపెనీ విమానమొకటి, 89,680 ప్రయాణములు చేసినది, ఆకాశముననే పైకప్పు ఎగిరిపోయియు నేల చేరినది. సేవకురాలొకతె మాత్రము కొట్టుకొనిపోయి మరణించెను. తనిఖీ సరిగా జరుగనిచోట పరీక్ష రక్షింపలేదు.

మనదేశమున ఈ విద్యకు బెంగుళూరునందలి జాతీయ విమానపరిశోధనశాల నెలవైనది. 1965 మొదలు 1984 వఱకు దానికి అధిపతిగానుండిన డాక్టరు ఎస్. ఆర్. వల్లూరిగారు మన తెలుగువారు; లోహముల బడలికయే వారి ప్రత్యేకవిద్య. ఈ బడలికను గూర్చి ఏ దేశమున ఏ పాఠశాలలో బోధించినను, ఒత్తిడిని ఒకవైపునను తిరుగుళ్లను మఱియొకవైపునను గుర్తించి గీయు వంపుగీతను వోలరు రేఖ యందురు. ఆ రేఖను వోలరు గీయలేదు. అతడు అంకెలను పట్టికలుగా వ్రాసి యూరకుండెను. గీత గీసినవారు తరువాత వచ్చినవారు.